సొంత డబ్బుతో కట్టిన కంపెనీ అమ్మేశాను, ఇప్పుడు వీసీ ఫండ్‌లో పార్ట్‌నర్‌గా రమ్మంటున్నారు. వెళ్లొచ్చా?

టిక్కీల_కోడర్ (గుంటూరు):

అందరికీ నమస్కారం. పోస్టు కాస్త పొడుగు, ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

2013లో హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, పీఎఫ్ డబ్బులు రెండు లక్షల చిల్లరతో గుంటూరు వచ్చేసి మిర్చి కోల్డ్ స్టోరేజీల కోసం ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాను. ఏ రైతువి ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ ఛాంబర్లో ఉన్నాయి, బాండు (సరుకు దాచినట్టు ఇచ్చే రసీదు) మీద బ్యాంకులో ఎంత తెచ్చుకున్నాడు, అద్దె ఎంత బాకీ, సరుకు బయటికి వదలొచ్చా లేదా, ఇదీ దాని పని. వినడానికి ఇంతే. మొదటి కస్టమరు 18 వేలు ఇచ్చాడు, అదీ మూడు విడతల్లో. ఆయన గుమాస్తా గారు రెండేళ్ల పాటు నా సాఫ్ట్‌వేర్‌లో ఎక్కిస్తూనే పక్కన పొడుగాటి అట్ట పుస్తకంలో కూడా రాసుకునేవారు. ఎందుకండీ అంటే "కరెంటు పోతే నువ్వొచ్చి చెప్తావా ఏంటి" అనేవారు. ఒకసారి లాప్‌టాప్ మాటిమాటికీ వేడెక్కి ఆగిపోతోందని కొత్తపేటలో రిపేరుకిస్తే, కుర్రాడు వెనక మూత విప్పగానే ఫ్యాన్ రెక్కల నిండా ఎర్రటి పొడి. ఊదాడు పాపం. షాపులో ఉన్నవాళ్లందరం తుమ్ముకుంటూ రోడ్డు మీదికి వచ్చేశాం.

పదేళ్లు ఎవరి దగ్గరా పెట్టుబడి తీసుకోలేదు. తీసుకోలేదు అంటే గొప్పగా ఉంటుంది గానీ నిజానికి ఎవరూ ఇవ్వలేదు. ఇలా బయటి డబ్బు లేకుండా కట్టడాన్ని, అదే బూట్‌స్ట్రాపింగ్‌ని, తెలుగులో ఏమంటారని ఎవరో అడిగితే "మా ఆవిడ జీతం" అని చెప్పాను. ఆమె లెక్కల టీచరు, మొదటి మూడేళ్లు ఇల్లు గడిచింది ఆ జీతంతోనే.

2023లో బెంగళూరు కంపెనీ ఒకటి మమ్మల్ని కొనేసింది. పన్నులు, ఇద్దరు పాత ఉద్యోగుల వాటా పోగా చేతికి 9 కోట్ల దాకా వచ్చాయి. ఏడాదిన్నర వాళ్ల దగ్గరే పనిచేసి బయటికొచ్చాను. అప్పటి నుంచి మొదలైంది. తెలిసినవాళ్ల పిల్లలు, ఇంజనీరింగ్ కాలేజీ ఫైనలియర్ కుర్రాళ్లు, పాత కస్టమర్ల అల్లుళ్లు, అందరికీ ఒక ఐడియా ఉంది, నా దగ్గర డబ్బుంది. నలుగురికి ఇచ్చాను, 10 నుంచి 15 లక్షల మధ్య. వాటిలో ఒకటి, 12 లక్షలది, ఒక్క కాగితం కూడా లేకుండా ఇచ్చాను. వాట్సాప్‌లో "అన్నా 5 శాతం నీది" అన్నాడు, సరే అన్నాను. ఎనిమిది నెలలైంది, షేర్లు లేవు, ఫోను ఎత్తుతాడు గానీ విషయం ఎత్తడు.

ఇప్పుడు అసలు సంగతి. హైదరాబాద్‌లో తెలిసినాయన 50 కోట్లతో వీసీ ఫండ్ (పదిమంది డబ్బు పోగుచేసి స్టార్టప్‌లలో పెట్టే వెంచర్ క్యాపిటల్ ఫండు) పెడుతున్నాడు, నన్ను పార్ట్‌నర్‌గా రమ్మంటున్నాడు. "నువ్వు సొంతంగా కట్టి అమ్మినవాడివి, ఫౌండర్లు నిన్ను నమ్ముతారు" అంటాడు. నా వాటాగా కోటి పైన పెట్టాలట. నాకున్న అనుమానం ఒక్కటే. రూపాయి ఖర్చు పెట్టాలంటే పదిసార్లు లెక్కేసుకున్నవాణ్ని, అప్పు అంటే భయపడ్డవాణ్ని, ఏడాది నష్టం వస్తే నిద్రపట్టనివాణ్ని. అలాంటివాడు పదింటిలో ఏడు పోతాయని తెలిసి డబ్బులు పెట్టే పనికి పనికొస్తాడా? ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఆ 12 లక్షల గురించి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఇంట్లో ఇంకా చెప్పలేదు.

ఆడిటర్_బ్రాడీపేట:

చివరిది ముందు చెప్తాను, ఎందుకంటే దానికి గడువు దాటిపోయింది.

షేర్ల కోసమని కంపెనీ ఖాతాలోకి డబ్బు వస్తే 60 రోజుల్లో షేర్లు కేటాయించాలి. కేటాయించకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో డబ్బు వెనక్కి ఇచ్చేయాలి. అదీ చేయకపోతే వడ్డీ పడుతుంది, కంపెనీల చట్టం దృష్టిలో అది డిపాజిట్ లాగా మారుతుంది, అదొక పెద్ద తలనొప్పి. మీకు కాదు, ఆ కుర్రాడికి. కాబట్టి బెదిరించక్కర్లేదు, ఈ ముక్క చెప్తే చాలు, విషయం తనే ఎత్తుతాడు. అయితే ఒకటి చూసుకోండి. డబ్బు కంపెనీ ఖాతాకి వెళ్లిందా, అతని సొంత సేవింగ్స్ ఖాతాకి వెళ్లిందా? రెండోదైతే చట్టం కళ్లకి అది పెట్టుబడే కాదు, చేబదులు. మన దగ్గర పదిలో ఆరు కేసులు రెండో రకమే, నా టేబుల్ మీదికి వచ్చినవాటి మాట చెప్తున్నాను.

ఇక ఫండు. మన ఊళ్లలో "ఫండు పెడదాం" అంటే పది మంది స్నేహితులు తలా 20 లక్షలు వేసి, ఒకరి పేరు మీద ఉంచి, ఆయన ఇష్టమొచ్చిన చోట పెట్టడం అనుకుంటారు. చీటీ పాట అలవాటు. పోయినేడు ఒకాయన సరిగ్గా ఇదే చేసి, ఒక పేరు కూడా పెట్టి, లెటర్‌హెడ్ వేయించుకుని నా దగ్గరికి వచ్చాడు, టాక్స్ ఎలా కట్టాలి సార్ అని. ఆ లెటర్‌హెడ్లు ముందు చింపేయమన్నాను. బయటివాళ్ల డబ్బు పోగుచేసి పెట్టుబడులు పెట్టాలంటే సెబీ దగ్గర ఏఐఎఫ్‌గా (ఆల్టర్నేటివ్ ఇన్వెస్ట్‌మెంట్ ఫండు) రిజిస్టర్ కావాలి, 2012 నుంచి ఉన్న నిబంధన ఇది. వీసీ ఫండు మొదటి కేటగిరీలోకి వస్తుంది. కనీసం 20 కోట్లు ఉండాలి, ఒక్కో ఇన్వెస్టరు కనీసం కోటి పెట్టాలి. ఫండు నడిపేవాళ్లు తమ సొంతంగా మొత్తంలో రెండున్నర శాతం గానీ 5 కోట్లు గానీ, ఏది తక్కువైతే అది చివరిదాకా ఉంచాలి. 50 కోట్లకు కోటీ పాతిక లక్షలు. మీ హైదరాబాద్ ఆయన కోటి పైన అన్నది ఇదే అయి ఉంటుంది. ఒక విషయం గట్టిగా అడగండి: ఆ కోటీ పాతిక మీరొక్కరే పెట్టాలా, పార్ట్‌నర్లందరూ కలిసి పెట్టాలా? ఫీజులో తగ్గించుకుంటాం, ఇప్పుడు ఇవ్వక్కర్లేదు అంటే నమ్మొద్దు, నిబంధనల్లో అది కుదరదు. మరోటి, పెట్టుబడి నిర్ణయాలు తీసుకునే టీములో కనీసం ఒకరు ఎన్‌ఐఎస్‌ఎమ్ (సెబీ పెట్టిన శిక్షణ సంస్థ) పరీక్ష పాసై ఉండాలి. ఆ ఒకరు మీరే అవ్వాలని ఆయన ప్లానేమో కనుక్కోండి, నలభై దాటాక బహుళైచ్ఛిక ప్రశ్నలు అంత తేలిక కాదు.

సొంత డబ్బుతో విడిగా ఏంజెల్‌గానే (కొత్త కంపెనీల్లో సొంతంగా పెట్టే వ్యక్తిగా) ఉంటానంటే దానికి రిజిస్ట్రేషన్ ఏమీ అక్కర్లేదు. నేరుగా కంపెనీలో పెట్టండి, షేర్లు తీసుకోండి, ఒప్పందం రాసుకోండి, అంతే. ఏంజెల్ ఫండు ద్వారా పెట్టాలంటే మాత్రం ఇప్పుడు అక్రెడిటెడ్ ఇన్వెస్టరు అయి ఉండాలి. ఏటా 2 కోట్ల ఆదాయం, లేదా 7.5 కోట్ల నికర ఆస్తి, అందులో సగమైనా ఆర్థిక ఆస్తులుగా ఉండాలి. మన జిల్లాలో ఏడున్నర కోట్లున్నవాళ్లకు కొదవ లేదు. సగం ఆర్థిక ఆస్తులు అనగానే అందరూ ఆగిపోతారు, అంతా పొలాలు, ప్లాట్లే కదా. మీరు అమ్మిన డబ్బు ఇంకా బ్యాంకులోనో మ్యూచువల్ ఫండ్లలోనో ఉంటే ఆ గీత దాటతారు.

టాక్స్ గురించి ఒక్క మాట. అన్‌లిస్టెడ్ షేర్లు (షేర్ మార్కెట్‌లో లేని కంపెనీలవి) రెండేళ్ల పైన ఉంచి లాభానికి అమ్మితే 12.5 శాతం. నష్టమొస్తే ఆ నష్టాన్ని మీ ఎఫ్‌డీ వడ్డీ మీద తీసేసుకుంటానంటే కుదరదు, అలాంటి క్యాపిటల్ గెయిన్స్ ఉంటేనే వాటి మీద సర్దుకోవాలి, ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. ఏంజెల్ టాక్స్ (స్టార్టప్ షేర్లు విలువకి మించి అమ్మితే ఆ పైడబ్బు మీద పడే పన్ను) అని మీ కుర్రాళ్లు భయపడుతుంటే చెప్పండి, 2024 జూలై బడ్జెట్లో అది ఎత్తేశారు.

ప్లాట్లే_బెస్టు:

అన్నా 9 కోట్లు పెట్టుకుని ఈ టెన్షన్లు ఎందుకు. అమరావతిలో నాలుగు ప్లాట్లు కొని పడుకో. స్టార్టప్ మునిగితే ఏం మిగలదు, భూమి ఎక్కడికీ పోదు.

కృష్ణలంక_కుర్రాడు:

@ప్లాట్లే_బెస్టు భూమి పోదు, నిజమే. 2015లో కొన్నవాళ్లని 2020లో అడిగావా కొనేవాడు దొరికాడా అని? మా మావయ్య అయిదేళ్లు ఆ కాగితాల కవరు బీరువాలోంచి తీయలేదు. రాజధాని మీద పందెం కాయడం కూడా వెంచర్ క్యాపిటలే బ్రో, నువ్వు పేరు మార్చి పిలుస్తున్నావు.

గవర్నర్‌పేట_పాతకాపు:

నేను అచ్చం మీరు అడిగిన దారిలోనే వెళ్లాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. 2006లో విజయవాడ గవర్నర్‌పేటలో రెండు గదుల ఆఫీసులో బల్క్ ఎస్సెమ్మెస్ కంపెనీ పెట్టాం, బయటి డబ్బు లేదు. 2016లో అమ్మాం. మరుసటి ఏడాది హైదరాబాద్‌లో ఒక చిన్న ఫండులో పార్ట్‌నర్‌గా చేరాను. ఇప్పుడు లేను. ఎందుకు లేనో చెప్తాను.

ముందు లెక్క. గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్లు తెలుసుగా? మా పెదనాన్న ఆ ఆఫీసుల్లోనే జీవితమంతా గడిపాడు. కృష్ణా ఏరియా హక్కులు ఏడాదికి పది సినిమాలకి కొంటే, ఆరు పబ్లిసిటీ ఖర్చులు కూడా రాబట్టవు, మూడు అటూ ఇటూ, ఒక్కటి ఆడితే ఆ తొమ్మిదిటి నష్టం పూడ్చి పైన కారు కొనిపెట్టాలి. పెదనాన్న అనేవాడు, సినిమా ఓ మాదిరిగా ఆడితే నాకేం లాభంరా అని. వీసీ ఫండు సరిగ్గా ఇదే. ఓ మాదిరిగా ఆడే కంపెనీతో ఫండుకి పని లేదు. మీరూ నేనూ కట్టినవి ఓ మాదిరిగా ఆడిన కంపెనీలు, అందులో తప్పేం లేదు, మన జీవితాలు మారిపోయాయి. కానీ లెక్క చూడండి.

మీ 50 కోట్ల ఫండు తీసుకుందాం. ఏటా 2 శాతం ఫీజు, అంటే కోటి. చివరి ఏళ్లలో కాస్త తగ్గించినా పదేళ్లలో 8, 9 కోట్లు జీతాలకీ ఆఫీసుకీ ఆడిటుకీ పోతాయి. స్టార్టప్‌లలోకి వెళ్లేది 40 చిల్లర. ఇరవై కంపెనీలు, తలా 2 కోట్లు. ఇన్వెస్టర్లు మూడు రెట్లు ఆశిస్తారు, ఆశించాలి కూడా, ఎందుకంటే 7 శాతం వడ్డీతో ఎఫ్‌డీలో పడేసినా పదేళ్లకి దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే 150 కోట్లు వెనక్కి రావాలి. మొదట 15 శాతం వాటా తీసుకున్నా తర్వాతి పెట్టుబడి రౌండ్లలో కరిగి చివరికి 10 శాతం మిగిలిందనుకోండి. అప్పుడు మీరు పెట్టిన కంపెనీలన్నీ కలిపి 1500 కోట్లకి అమ్ముడుపోవాలి. గుంటూరు కోల్డ్ స్టోరేజీ సాఫ్ట్‌వేర్ లాంటిది 25 కోట్లకి అమ్ముడైతే ఆ ఫౌండరుకి పండగ, ఫండుకి వచ్చేది రెండున్నర కోట్లు. పెట్టింది రెండు. మీ కంపెనీ అప్పట్లో మీ దగ్గరికే వచ్చి ఉంటే పార్ట్‌నర్‌గా మీరు వద్దనాల్సిందే. ఈ వాక్యం నన్ను నేను ఒప్పించుకోడానికి నాకు మూడేళ్లు పట్టింది.

ఇక అసలు కథ. 2018లో మా ముందుకు రెండు కంపెనీలు వచ్చాయి. ఒకతను నెలకి 40 లక్షలు తగలేస్తున్నాడు, ప్రకటనలకీ డిస్కౌంట్లకీ. ఇంకొకతను మన జిల్లా కుర్రాడే, పాల కేంద్రాలకి చిన్న మిషన్లు, వాటితో పాటు లెక్కల యాప్ అమ్మేవాడు, రెండో ఏడాదికే లాభాల్లో ఉన్నాడు, ఆఫీసులో ఏసీ కూడా లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. నన్ను నేను చూసుకున్నట్టుంది. టీములో అందరితో వాదించి మొదటతన్ని వద్దనిపించి, ఇతనికి కోటిన్నర ఇప్పించాను. మొదటతను ఎంత ఎదిగాడో ఇక్కడ రాస్తే ఎవరో తెలిసిపోతుంది, వదిలేద్దాం. మన కుర్రాడు? బ్రహ్మాండంగా ఉన్నాడు. ఏటా లాభం, ఏటా పది పదిహేను శాతం పెరుగుదల, 30 మందికి ఉద్యోగాలు. సమస్య ఏంటంటే ఫండుకి గడువుంది. మాది ఎనిమిదేళ్ల ఫండు, రెండేళ్లు పొడిగించొచ్చు, అదీ విలువలో మూడింట రెండొంతుల ఇన్వెస్టర్లు ఒప్పుకుంటే. ఆరో ఏడాది వచ్చేసరికి పైనుంచి ఒత్తిడి, ఆ వాటా అమ్మి డబ్బు తీసుకురండి అని. పదిహేను శాతం పెరిగే కంపెనీలో మైనారిటీ వాటా ఎవడు కొంటాడు?

చివరికి నేనే వాళ్లింటికి వెళ్లాను, మా వాటా నువ్వే వెనక్కి కొనుక్కో, అప్పు తెచ్చయినా సరే అని చెప్పడానికి. వాళ్లమ్మ గారు గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చారు, "మా వాడికి మీరు దేవుడిలా దొరికారు బాబూ" అన్నారు. ఆ మజ్జిగ సగం తాగి పెట్టేశాను. ఆవిడ లోపలికి వెళ్లాక అతను మెల్లగా అడిగాడు, "సార్, డబ్బులిచ్చిన రోజు మీరు ఖర్చు తగ్గించు, లాభం చూడు అన్నారు. అదే చేశాను. ఇప్పుడు తప్పు ఎక్కడ చేశాను?" అతను తప్పేం చేయలేదు. తప్పు నాది. బూట్‌స్ట్రాప్ బుర్రతో ఎంచుకుని వీసీ డబ్బు పెట్టాను. ఆ డబ్బుకి ఆ కంపెనీ సరిపోదు, ఆ కంపెనీకి ఆ డబ్బు సరిపోదు.

మీరు రూపాయి పోతే నిద్రపట్టనివాణ్ని అన్నారు. ఫండులో నష్టం గురించి నిద్రపోకపోతే పర్లేదు, అలవాటవుతుంది. మీ ప్రమాదం అది కాదు. మిమ్మల్ని మీరు చూసుకున్నట్టుండే మనిషి ఎదురైనప్పుడు కళ్లు మూసుకుని సంతకం పెట్టేస్తారు, ప్రమాదం అక్కడుంది.

తెనాలి_టు_బెంగళూరు:

పాతకాపు గారి పోస్టు సేవ్ చేసుకున్నాను. ఈ దారిలో ఎవరైనా వెళ్లారా అని అడిగారు కదా, నాకు గుర్తొచ్చే పెద్ద ఉదాహరణ నౌకరీ డాట్‌కామ్ సంజీవ్ బిఖ్‌చందానీ. 1990లో ఉద్యోగం మానేశారు, నౌకరీ సైటు 1997లో వచ్చింది, బయటి పెట్టుబడి 2000లో గానీ తీసుకోలేదు, ఐసీఐసీఐ వెంచర్ దగ్గర 7 కోట్ల చిల్లర. మధ్యలో ఆ ఏళ్లన్నీ వారాంతాల్లో బిజినెస్ స్కూళ్లలో పాఠాలు చెప్తూ, భార్య సురభి గారు నెస్లేలో ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపారు. మీ "మా ఆవిడ జీతం" అక్కడ కూడా ఉందన్నమాట. 2006లో నౌకరీ నడిపే కంపెనీ ఇన్ఫో ఎడ్జ్ షేర్ మార్కెట్‌కి వచ్చింది. 2010లో ఫుడీబే అనే చిన్న సైటులో 4.7 కోట్లు పెట్టారు, అదే తర్వాత జొమాటో. 2008లో పాలసీబజార్‌లో పెట్టారు.

చాలామంది ఇక్కడితో ఆపేసి చూశారా ఎంత చూపు అంటారు. నాకు ముఖ్యంగా కనిపించేది వేరే. జొమాటో ఐపీవో వచ్చింది 2021లో. పదకొండేళ్లు. అన్నేళ్లు కూర్చోగలిగారంటే అది ఫండు డబ్బు కాదు, నౌకరీ సంపాదించి పెట్టిన సొంత కంపెనీ డబ్బు. ఎవరికీ ఎనిమిదో ఏట లెక్క అప్పజెప్పనక్కర్లేదు. వాళ్లు సొంతంగా ఏఐఎఫ్ 2020లో గానీ పెట్టలేదు, అంటే ముందు పదేళ్లకి పైగా సొంత డబ్బుతో నేర్చుకుని ఆ తర్వాత. షేర్ల బ్రోకరు కంపెనీ జెరోధా కూడా అంతే. 2010లో మొదలైంది, బయటి పెట్టుబడి లేదు, 2016లో రెయిన్‌మ్యాటర్ పెట్టి స్టార్టప్‌లకి ఇవ్వడం మొదలెట్టారు, అమ్మి బయటపడే తొందర తమకి లేదని వాళ్లే చెప్పుకుంటారు. సొంత జేబు కాబట్టి చెప్పగలరు.

దీనికి తిరగబడ్డ కథ అమెరికాలో ఉంది. బ్రైస్ రాబర్ట్స్ అని ఒకాయన 2015లో ఇండీ వీసీ పేరుతో, లాభాల మీద నడిచే కంపెనీలకే డబ్బిస్తాను, తర్వాతి రౌండు ఎత్తకపోయినా పర్లేదు అని మొదలుపెట్టారు. ఫౌండర్లకి తెగ నచ్చింది. డబ్బిచ్చే ఇన్వెస్టర్లు మాత్రం వెనక్కి తగ్గారు, 2021లో మూసేశారు. ఐడియా తప్పా, వేరేవాళ్ల డబ్బుతో చేయడం తప్పా అన్నది ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

నన్నడిగితే 50 కోట్ల ఫండులో పార్ట్‌నర్ కుర్చీ కన్నా మీ 9 కోట్లలో 2 కోట్లు విడిగా తీసి, ఏడాదికి రెండు, మూడు కంపెనీల చొప్పున పెట్టుకోండి. మిగతా 7 ముట్టుకోవద్దు, ఎవడొచ్చి ఏం చెప్పినా సరే.

స్పేర్‌పార్ట్స్_అమ్మాయి:

డబ్బు తీసుకున్న వైపు నుంచి ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తాను. నేను విజయవాడ ఆటోనగర్ స్పేర్ పార్ట్స్ షాపులకి స్టాకు, అరువు లెక్కల యాప్ చేస్తున్నాను. మూడేళ్లయింది. నా మొదటి చెక్కు, 15 లక్షలు, మీలాగే సొంతంగా కంపెనీ కట్టి అమ్ముకున్న ఒకాయన ఇచ్చారు.

మంచి ముందు. అప్పటికి యాప్ ఉచితంగా ఇస్తున్నాను, 140 షాపులు వేసుకున్నాయని గొప్పగా చెప్పాను. ఆయన స్లైడ్లు చూడలేదు, పద అని బండెక్కించుకుని ఆటోనగర్ తీసుకెళ్లారు. ఒక రోజంతా షాపు షాపు తిరిగాం. బేరింగుల షాపాయన ఫోను తీసి మా యాప్ చూపించమంటే ఎక్కడుందో వెతకడానికే రెండు నిమిషాలు పట్టింది, చివరికి ఆయన మనవడి గేముల ఫోల్డర్లో దొరికింది. సాయంత్రం వారధి దగ్గర చెరుకురసం తాగుతూ సర్ ఒక్కటే చెప్పారు, "రేపటి నుంచి నెలకి 300. ఎంతమంది మిగులుతారో వాళ్లే నీ కస్టమర్లు." పదకొండు మంది మిగిలారు. ఏడ్చాను. కానీ ఆ పదకొండు మంది పొద్దున ఏడింటికే ఫోను చేసి యాప్ తెరుచుకోవట్లేదు అని తిట్టేవాళ్లు, అప్పుడర్థమైంది. ఇప్పుడు 260 షాపులు, డబ్బులిచ్చేవే. ఏ వీసీ దగ్గరా ఈ చదువు దొరికేది కాదు.

ఇప్పుడు రెండో వైపు. ప్రతి నెలా కరెంటు బిల్లు అడుగుతారు. ఏసీ పెట్టించినప్పుడు వారం మాట్లాడలేదు. అది నవ్వుకోవచ్చు. నవ్వుకోలేనిది ఏంటంటే, గుంటూరు, ఏలూరు, రాజమండ్రి వెళ్దాం, ముగ్గురు సేల్స్ కుర్రాళ్లని తీసుకుంటానంటే తొమ్మిది నెలలు ఆపారు. ముందు ఇక్కడ లాభం రానీ, ఆ లాభంతో ఒక్కణ్ని తీసుకో అని. ఆయన వాటా 8 శాతమే, ఆపే హక్కు ఒప్పందంలో లేదు కూడా, అయినా మా ఇంట్లో మనిషిలాంటి ఆయన, కాదని ఎలా అంటాను. ఈలోపు వేరే ఊరి కంపెనీ పెద్ద పెట్టుబడితో ఏలూరులో దిగింది. ఆ ఊరు ఇంక మాకు దొరకదు.

సర్, మీరు ఏది ఎంచుకున్నా సరే, మీ భయం మీ డబ్బు మీద పెట్టుకోండి, మా కంపెనీ మీద పెట్టకండి. కోపంతో అనట్లేదు. ఆయనంటే ఇప్పటికీ నాకు చాలా గౌరవం.

ప్లాట్లే_బెస్టు:

చెరుకురసం సీను బాగుంది మేడమ్. ప్లాట్ల మాట మాత్రం వెనక్కి తీసుకోను.

టిక్కీల_కోడర్ (గుంటూరు):

అందరికీ థాంక్స్. పొద్దున నుంచి ఇదే చదువుతున్నాను, రెండుసార్లు టీ చల్లారిపోయింది.

పాతకాపు గారూ, మజ్జిగ దగ్గర ఆగిపోయానండీ. ఆ హైదరాబాద్ ఆయనకి ఫోను చేసి మూడు ప్రశ్నలడిగాను. కోటీ పాతిక ఎవరు పెడతారు, పరీక్ష ఎవరు రాస్తారు, నా కోల్డ్ స్టోరేజీ కంపెనీ 2016లో మీ ముందుకొస్తే డబ్బు పెట్టేవారా. మొదటి రెండింటికీ సమాధానం "నువ్వే". మూడోదానికి కాసేపు ఆగి, "నీ మీద పెట్టేవాణ్ని, కంపెనీ మీద కాదు" అన్నాడు. తెలివైనోడే, ఒప్పుకోవాలి. కానీ ఆ మాట విన్నాక నాకు విషయం అర్థమైపోయింది. పార్ట్‌నర్‌గా రానని చెప్పేశాను. మిరప, కోల్డ్ స్టోరేజీ, పసుపు, ఇలాంటి వ్యవసాయ వ్యాపారాల కంపెనీలు వస్తే చూసి పెడతాను, ఫోను చెయ్యి అన్నాను. సరే అన్నాడు, స్వరం మాత్రం కాస్త మారింది.

తెనాలి బ్రదర్ చెప్పిన 2 కోట్ల లెక్క మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కాగితం తీసుకుని "ఏడాదికి మూడు, తలా 15 లక్షలు, నాలుగేళ్లు, కోటి ఎనభై" అని వేసి, కింద "మిగతా 20 లక్షలు ఆల్రెడీ ఎవరికిచ్చావు?" అని రాసింది. అలా 12 లక్షల సంగతి ఇంట్లో తెలిసిపోయింది. నలుగురికీ కలిపి ఎంతిచ్చానో వింటే ఆ కాగితం మళ్లీ వేయాల్సి వస్తుంది, అది రేపు చెప్తాను.

స్పేర్‌పార్ట్స్ అమ్మాయి గారూ, మీ పోస్టు నేను డబ్బులిచ్చిన మిగతా ముగ్గురికీ పంపాను, నేనూ ఇలాగే చేస్తున్నానా నిజం చెప్పండి అని. ఇద్దరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకతను ఇంకా చూసి కూడా సమాధానం ఇవ్వలేదు. అతన్ని పోయిన నెల కుర్చీల బిల్లు అడిగాను మరి.

ఆడిటర్ గారూ, డబ్బు వెళ్లింది అతని సేవింగ్స్ ఖాతాకేనండీ. మీరు చెప్పిన రెండో రకం. శనివారం మీ ఆఫీసుకి రావచ్చా? ఆ రోజు మిర్చి యార్డు సెలవు, రోడ్డు ఖాళీగా ఉంటుంది.

ఆడిటర్_బ్రాడీపేట:

రండి, పదకొండు తర్వాత. బ్యాంకు స్టేట్‌మెంటు, ఆ వాట్సాప్ చాట్ ప్రింటు తెచ్చుకోండి, "5 శాతం నీది" అన్న లైను తేదీతో సహా కనపడాలి. కుదిరితే ఆ అబ్బాయిని కూడా తీసుకురండి. తిట్టడానికి కాదు, అతని కంపెనీ అసలు రిజిస్టర్ అయిందో లేదో ముందు అది తేలాలి.